కొబ్బరి చెట్టు ఎత్తు కాదు, నేల ఎత్తు చెప్పండి

సంపాదకులు గారికి,

ఉచిత డిజిటల్ మ్యాపులతో భూస్వరూపం నేర్చుకోవడం గురించి ఇటీవల మీ జిల్లా పేజీలో వేసిన వ్యాసం చదివాను. పిల్లలకు పనికొచ్చే విషయమే. కానీ ఉదాహరణలన్నీ కొండలూ లోయలే. పైగా చివర్లో 'మీ పొలం ఎత్తు ఇంట్లో కూర్చునే తెలుసుకోండి' అని రాశారు. గోదావరి డెల్టాలో ఈ మాట నమ్మితే రైతు నష్టపోతాడు. అందుకే ఆలస్యమైనా ఈ ఉత్తరం.

ధవళేశ్వరం దిగువన మాకున్నవి మెరకా పల్లమే. చాలాచోట్ల వాటి మధ్య తేడా అడుగో, రెండడుగులో. ఏ చేను మునిగేదీ ఏది నిలిచేదీ ఆ కాస్త తేడాతోనే తేలిపోతుంది. పంట కాలువ మెరక మీద నడిస్తేనే రెండు వైపులా నీరు పారుతుంది, మురుగు కాలువ పల్లంలో ఉంటేనే ఆ నీరు బయటికి పోతుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యేనాటికి కంప్యూటర్లు లేవు. లెవెల్ పరికరాలు పట్టుకుని నేల మీద నడిచి కాలువలకు వాటం చూశారు.

ఈ సాధనాలు వద్దని నేను అనను, బడిలో తప్పకుండా నేర్పాలి. గూగుల్ ఎర్త్ ప్రోలో ఏటిగట్టు నుంచి మురుగు కాలువ దాకా ఒక గీత గీసి ఎలివేషన్ ప్రొఫైల్ అడిగితే దారి పొడవునా ఎత్తుపల్లాల బొమ్మ వస్తుంది. ఇస్రో వారి భువన్ వెబ్‌సైటు నుంచి ఎత్తుల డేటా దించుకుని క్యూజిస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో పెడితే కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, అదే గీసి ఇస్తుంది. రెండూ ఉచితమే. ఎత్తుపల్లాలు చూపే సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులు, టోపోషీట్లు కూడా ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి.

అయితే ఆ ఎత్తులు ఎలా కొలిచారో మీ వ్యాసం ఒక్క ముక్క చెప్పలేదు. చాలా ఉచిత మ్యాపులకు ఆధారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన కొలతలు. దట్టమైన తోటలో ఆ రాడార్ తరంగాలు చాలావరకు నేల దాకా దిగవు, ఆకుల్లోనే తగిలి వెనక్కి పోతాయి. కోనసీమలో అలా కొలిస్తే ఏమవుతుంది? కొబ్బరి తోట పెద్ద మెరకగానూ, దాని పక్కనే అదే మట్టంలో ఉన్న వరిచేను పల్లంగానూ కనిపిస్తాయి. పైగా సుమారు 30 మీటర్ల గడికి ఒకే అంకె. అందులో పొరపాటు మీటర్లలో ఉంటుంది, మా బతుకు అడుగుల్లో ఉంది.

కొల్లేరు సంగతే చూడండి. 1999లో అభయారణ్యంగా ప్రకటించినప్పటి నుంచి 'ఐదో కాంటూరు' అని మీ పత్రిక ఎన్నిసార్లు రాసి ఉంటుందో. అది సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, అంటే మీటరున్నర. అభయారణ్యం హద్దు ఆ గీతే కాబట్టి ఎవరి చేపల చెరువు లోపల, ఎవరిది బయట అన్న తగాదాను ఫోన్‌లో కనిపించే అంకె తేల్చలేదు. దానికి బెంచ్ మార్క్ నుంచి, అంటే ఎత్తు ముందే కొలిచి పెట్టిన గుర్తు నుంచి, లెవెల్ పట్టాల్సిందే. ఈ తేడా చెప్పకుండా ఎవరి పొలం ఎత్తు వాళ్ళే చూసుకోమంటే కొత్త గొడవలు పెట్టినట్టే.

వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు, మూడో ప్రమాద హెచ్చరిక అని టీవీలు మోగిపోతాయి. అది బ్యారేజీ గేజి మీది అంకె, సముద్రమట్టం నుంచి లెక్క కాదు. ఆ అంకెకు తమ వీధిలోకి నీరు వస్తుందో రాదో నది పాయల మధ్య ఉన్న లంక గ్రామాల వాళ్ళకు చెప్పే నాథుడు లేడు. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దలు గోడ మీద గుర్తు చూపించి చెబుతుంటే విని తెలుసుకోవాల్సిందే. ఇన్నేళ్ళలో ఊరూరా ఆ గుర్తులకు లెవెల్ కట్టి బోర్డు పెట్టడానికి అధికారులకు తీరిక దొరకలేదా?

మా వైపు ఒకచోట పల్లపు చేలో ఇళ్ళ స్థలాలు వేశారు. తొలి వానలకే మోకాలి లోతు నీళ్ళు. తర్వాత లారీలతో మట్టి తోలి మెరక చేశారు, దాంతో పై చేల మురుగు పోయే దారి మూసుకుపోయింది. మురుగు బాధ ముదిరే కదా 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వరి వేయడం మానేసింది! కారణాలు ఇంకా ఉన్నా అదీ ఒకటి. అయినా లెవెల్ చూడకుండా సంతకం పెట్టేవాళ్ళను అడిగేవారు లేరు.

బళ్ళలోనూ అంతే. మ్యాప్ పాయింటింగ్ అంటే పదో తరగతి మార్కుల కోసం నదుల పేర్లు గుర్తుపెట్టుకోవడంగా మిగిలింది. నేను పాఠం చెప్పిన రోజుల్లోనే అట్లాసు బీరువాలోంచి బయటికి తీయడం గగనం. ఇప్పుడు కంప్యూటర్లు వచ్చినా తమ ఊరి మురుగు ఏ డ్రెయిన్‌లో కలుస్తుందో చెప్పగల పిల్లలు తక్కువ.

మీరు మళ్ళీ రాస్తే డెల్టాను ఉదాహరణగా తీసుకుని రాయండి. తెర మీద గీసిన ప్రొఫైల్‌ను పిల్లలు ఏటిగట్టు నుంచి డ్రెయిన్ దాకా నడిచి సరిచూసుకునేలా చెప్పండి. ఇక జలవనరుల శాఖ దగ్గర కాలువల, డ్రెయిన్ల లెవెళ్ళు, బెంచ్ మార్కుల వివరాలు ఉన్నాయి. అవి ప్రజల సొమ్ముతో కొలిచినవి. ఊరి పేరు కొడితే కనిపించేలా ఆన్‌లైన్‌లో పెట్టమని మీ పత్రిక అడగాలి.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
అమలాపురం