ఆ సీసాల సంగతి మాట్లాడదాం

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. చదవగానే ఫోన్ చేద్దామనుకున్నా. కానీ ఫోన్లో ఇవన్నీ సరిగ్గా చెప్పలేననిపించి కూర్చుని రాస్తున్నా. ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో కొవ్వు, 340, స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్, దాంతో ఐదు రకాల సప్లిమెంట్లు తెచ్చిపెట్టుకున్నానన్నావు. మూడేళ్ల కిందట అచ్చం నేనూ ఇదే చేశానురా. అందుకే ఇంత టెన్షన్.

ముందు ఫిష్ ఆయిల్ సీసా తీసి వెనక్కి తిప్పు. ముందువైపు 1000 మిల్లీగ్రాములని పెద్దక్షరాల్లో ఉంటుంది కదా, అది మొత్తం నూనె బరువు. మనకు కావలసినవి అందులోని ఒమేగా-3 కొవ్వులు, ఈపీఏ, డీహెచ్ఏ. మామూలు క్యాప్సూల్‌లో అవి 180, 120 ఉంటాయి, అంటే రెండూ కలిపి 300. ట్రైగ్లిజరైడ్స్ 20 నుంచి 30 శాతం దాకా తగ్గేది ఈ రెండూ కలిపి రోజుకు 4 గ్రాములు తీసుకున్నప్పుడు. నీ సీసా లెక్కన పదమూడు క్యాప్సూల్స్! రోజుకొకటి వేసుకుని రిపోర్టు మారుతుందని ఎదురుచూడకు. అలాగని పదమూడు మింగకు. అంత మోతాదులో కొందరికి గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది. అది డాక్టరు చూసి ఇవ్వాల్సిందే.

ఇంకో సంగతి. రక్తంలో కొవ్వు తగ్గినంత మాత్రాన లివర్ బాగుపడినట్టు కాదు. లివర్ తన దగ్గరున్న కొవ్వును చిన్న చిన్న మూటలు కట్టి రక్తంలోకి పంపిస్తుంది. లోపల కొవ్వు పేరుకున్నకొద్దీ మూటలు ఎక్కువగా బయటికొస్తాయి. నీ రిపోర్టులో కనిపిస్తున్నవి ఆ మూటలే. వాటిని తగ్గించినా లివర్‌లో పడిన మచ్చ అలాగే ఉండొచ్చు. మీ బాబాయికి సిర్రోసిస్ (లివర్ నిండా మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ముదిరాక కొలెస్ట్రాల్ బాగా తగ్గింది, ఆయన వాడుతున్న పొడి పనిచేసినట్టుంది అని రాశావు చూడు, అది చదివి మనసు చివుక్కుమంది. కొలెస్ట్రాల్ ముఖ్యంగా తయారుచేసేది లివరే. అది చేతులెత్తేస్తే అంకె దానంతటదే పడిపోతుంది. ఆయన్ని వెంటనే డాక్టరుకి చూపించండి, ఆలస్యం చెయ్యొద్దు.

విటమిన్ ఇ గురించి 2010లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. రోజుకు 800 యూనిట్ల చొప్పున 96 వారాలు ఇచ్చారు. లివర్‌లో వాపు తగ్గింది కానీ మచ్చ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పైగా అందులో షుగర్ ఉన్నవాళ్లను తీసుకోలేదు. నీకు షుగర్ ఉంది కదా! ఆ ఫలితం నీకూ వర్తిస్తుందని అనుకోవద్దు.

ఇక గ్రీన్ టీ సారం మాత్రలు. వీటి గురించే నా అసలు భయం. నేను రెండు నెలలు వాడాను. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ ఏఎల్‌టీ 62 ఉండేది, 190కి ఎక్కింది. మూత్రం ముదురు రంగులోకి తిరిగిన రోజు, పొద్దున్నే బాత్రూమ్‌లో నిలబడి ఎంత భయపడ్డానో ఎవరికీ చెప్పలేదు. ఆపేశాక మూడు నెలలకు గానీ దిగలేదు. టీ తాగడం వేరు, దాని సారాన్ని దట్టించి మాత్రగా మింగడం వేరు. అందులోని ముఖ్య పదార్థం ఈజీసీజీ రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన అయితే లివర్ ఎంజైములు పెరగొచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. పసుపు సారం మాత్రలతోనూ, ముఖ్యంగా మిరియాల సారం కలిపినవాటితో, కొందరికి లివర్ దెబ్బతింది. ఈ రెండూ ఈరోజే ఆపెయ్యరా, దయచేసి.

కొలెస్ట్రాల్ తగ్గించే మందు స్టాటిన్ వేసుకుంటే లివర్ పోతుందని భయపడి రెడ్ ఈస్ట్ రైస్ (ఎర్ర ఈస్ట్‌తో పులియబెట్టిన బియ్యం) మాత్రలు మొదలుపెట్టావట. అందులో ఉండే మొనాకొలిన్ కె, లొవాస్టాటిన్ అనే స్టాటిన్ మందు ఒకటే. అంటే ఆ మందునే ఎంత మోతాదో తెలియకుండా మింగుతున్నావన్నమాట. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకు డాక్టర్లు స్టాటిన్ నిశ్చింతగానే ఇస్తారు.

నాకు నిజంగా పనిచేసింది బరువు తగ్గడం. 84 కిలోల నుంచి 78కి రావడానికి పది నెలలు పట్టింది. ఆ ఆరు కిలోలకే ట్రైగ్లిజరైడ్స్, ఏఎల్‌టీ రెండూ దిగొచ్చాయి. నడకలు, తిండి సంగతులు ఇంకోసారి రాస్తా.

ఈ వారంలోనే ఆ ఐదు సీసాలూ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు. పేర్లు చెప్పడం కాదు, సీసాలే టేబుల్ మీద పెట్టు. ఆ రాత్రి ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటా.

నీ
వాడు