పట్టాలే వేయని సబ్‌వే

సంపాదకుడు గారికి,

మేముండే అమెరికాలోని సిన్సినాటిలో రోడ్డు కింద సబ్‌వే, అంటే భూగర్భ రైలు మార్గం, ఉందంటే ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు నమ్మరు. ఉంది, రైలే లేదు! 1916లో జనం ఓటేసి 60 లక్షల డాలర్ల అప్పుకు ఒప్పుకున్నారు, యుద్ధం అడ్డొచ్చి పని 1920లో గానీ మొదలుకాలేదు, అప్పటికి ధరలు మండిపోయి, పాత కాలువ దారిలో రెండు మైళ్ల సొరంగాలు కట్టేసరికే డబ్బులైపోయాయి. ఇప్పుడందులో మంచినీళ్ల పైపు ఉంది.

1933 నాటి మా రైల్వే స్టేషన్ యూనియన్ టెర్మినల్‌ని రోజుకి 216 రైళ్ల కోసం కట్టారు. ఇప్పుడది మ్యూజియం. వారానికి మూడుసార్లు కార్డినల్ రైలొస్తుంది, అదీ ఊరంతా నిద్రపోయాక. ఆ స్టేషన్ సగం గుమ్మటం కింద ఓ చివర కుళాయి దగ్గర గుసగుసలాడితే అవతలి చివర వినబడుతుంది. మా పాప అలాగే అడిగింది, "నాన్నా, రైలేదీ?" అని.

2016లో వచ్చిన స్ట్రీట్‌కార్‌కి (ట్రామ్‌కి) ఇప్పుడు టికెట్ కూడా అక్కర్లేదు, బాగుంది. కానీ 3.6 మైళ్లు తిరిగి మళ్లీ మొదటికే. నగరం సొంతమైన సరుకు రైళ్ల మార్గాన్ని 160 కోట్ల డాలర్లకు అమ్మడానికి 2023లో ఓటర్లు సరేనన్నారు. ఆ సొమ్ము ఉన్న రోడ్లు, పార్కుల్లాంటి వాటి మరమ్మతులకేనట, కొత్త లైన్లకు కాదు!

– ఒక పాఠకుడు, సిన్సినాటి