హోండా ఆగింది నాన్నగారూ

లీడ్స్,
14 సెప్టెంబరు

నాన్నగారికి నమస్కారాలు.

నేను క్షేమం. మొన్న ఫోన్లో నా పాత హోండా మోటారు సైకిల్ బ్రేకుల సంగతి మీరు అడిగితే "బాగానే ఉన్నాయి" అని మాట మార్చేశాను. అమ్మ స్పీకర్ పెట్టిందని అర్థమైంది మరి. ఉత్తరమైతే ఆవిడ కళ్లద్దాలు వెతుక్కునేలోపు మీరు చదివేసి జేబులో పెట్టుకోవచ్చు.

జులైలో ఒక సాయంత్రం వానలో ఇంటికొస్తున్నాను. రౌండబౌట్ ముందు లీవర్ పట్టాను. బండి ఆగలేదు. సెకను, సెకనున్నర అలాగే పోయింది, తర్వాత ఒక్కసారిగా పట్టేసింది. తెల్లగీత దాటి, ఒక కారు తలుపుకి జానెడు దూరంలో ఆగాను. కారులో పెద్దావిడ నన్ను చూసి చెయ్యి ఊపింది, పాపం పలకరింపు అనుకుందో ఏమో. డెబ్బైల నాటి బండ్ల స్టీలు డిస్కు బ్రేకులకి ఉన్న జబ్బే ఇది. తడిస్తే, చక్రంతో తిరిగే ప్లేటు మీది నీటిపొర తుడుచుకుపోయేదాకా దాన్ని నొక్కే ప్యాడ్లు పట్టవు.

నాకు వెంటనే మీ రాజ్‌దూత్ మీద బిర్లా మందిర్ దిగుడు గుర్తొచ్చింది. నేను ట్యాంకు మీద, అమ్మ వెనక. డ్రమ్ములోకి నీళ్లు పోయి బ్రేకు పట్టకపోతే మీరు రెండు కాళ్లూ నేలకి ఈడ్చి ఆపారు. చెప్పు తెగింది. ఇంటికెళ్లాక "టూ స్ట్రోక్ బండికి గేరు దించినా పెద్దగా ఆగదురా, అంతా బ్రేకు మీదే" అన్నారు. అప్పుడు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఇక్కడ నలభై ఏళ్లు దాటిన బండిలో పెద్ద మార్పులేమీ చేయకపోతే ఏటా ఎంఓటీ పరీక్ష, అంటే బండి రోడ్డు మీదికి పనికొస్తుందో లేదో చూసే తనిఖీ, అక్కర్లేదు. నా హోండా సీబీ 750 1975ది. అంటే బ్రేకులు చూసేవాడు ఎవడూ లేడు, నేనే చూసుకోవాలి. ప్యాడ్లని పట్టుకుని ఉండే కాలిపర్ విప్పితే ఒక ప్యాడ్ రేకు దాకా అరిగింది, రెండోది కొత్తదానిలా ఉంది. దీనిలో ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ ఒక్కటే. కాలిపర్ మొత్తం ఒక చేయి మీద అటూ ఇటూ కదిలితేనే రెండో ప్యాడ్ కూడా ప్లేటుని నొక్కుతుంది. ఆ చేయి పిన్ను ఎండిపోయి బిగుసుకుపోయింది. ఎన్నేళ్లుగా గ్రీజు చూడలేదో! పిస్టన్ తుప్పు పట్టి గుంటలు పడింది. లీవర్ దగ్గర బ్రేక్ ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ ఇంకా పని చేస్తోంది కదా అని లీవర్ నొక్కుతూ నొక్కుతూ దాన్ని బయటికి తెచ్చాను. కంప్రెసర్ గాలితో కొడితే తూటాలా ఎగిరి వేళ్లు చితుకుతాయట, ఆ జోలికి పోలేదు. కొత్త స్టెయిన్‌లెస్ పిస్టన్, కొత్త సీళ్లు, స్టీలు అల్లిక ఉన్న ఆయిల్ గొట్టం (హోస్) వేశాను. పాత రబ్బరు హోస్ లోపల ఉబ్బి దారి సగం మూసుకుపోయింది. ప్లేటుకి చిల్లులు వేయించాను, నీళ్లు త్వరగా పోతాయని.

ఇక తెలివితక్కువ పని. లావుగా ఉంటే బలంగా ఉంటుందనుకుని ఏదో కొత్త బండిది 17.5 మిల్లీమీటర్ల మాస్టర్ సిలిండర్ కొన్నాను. ఇంతకుముందున్నది 14. బిగించి నొక్కితే లీవర్ రాయిలా ఉంది, బండి మాత్రం ఆగదు! డిపోలో ముప్పై ఏళ్లు చేసిన మీకు నేను చెప్పాలా, సన్న సిరంజితో నెట్టడం సులువు, లావుదాంతో కష్టం. 17.5 దాని వైశాల్యం 14 దానికి ఒకటిన్నర రెట్లు పైనే. నా చేతి బలం అంతే కాబట్టి ఒత్తిడి మూడో వంతుకు పైగా పడిపోయింది. డబ్బులు పోయాక కాగితం మీద లెక్క వేశాను, మీరైతే ముందే వేసేవారు. తర్వాత 12.7 మిల్లీమీటర్లది తెచ్చాను. అదే పట్టుకి పాతదానికన్నా ఐదో వంతు ఎక్కువ ఒత్తిడి. లీవర్ కాస్త ఎక్కువ దూరం వస్తుంది, అంతే.

బ్రేక్ ఆయిల్‌లో చిక్కుకున్న ఎయిర్ తీయడానికి రెండు రోజులు పట్టింది. ఎంత తీసినా లీవర్ మెత్తగానే ఉంది. చివరికి మీ పద్ధతే చేశాను. అమ్మ పంపిన ఆవకాయ పార్శిల్ తాడుతో లీవర్‌ని హ్యాండిల్‌కి కట్టి రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి బుడగలన్నీ పైకి పోయాయి. బ్రేక్ ఆయిల్ చుక్క పడి ట్యాంకు మీద రూపాయి బిళ్లంత పెయింటు మాత్రం లేచిపోయింది. పోయిన ఆదివారం వానలోనే వెళ్లి ఖాళీ రోడ్డు మీద పాతిక సార్లు ఆపి చూశాను. ఆగింది నాన్నగారూ, పట్టగానే ఆగింది.

ఇప్పుడు మీ రాజ్‌దూత్ సంగతి. అది యమహా ఆర్‌డీ 350 బండే కదా. జపాన్‌లో దాని ముందు చక్రానికి డిస్కే ఉండేది, మనకొచ్చినదానికి డ్రమ్ వచ్చింది. పుత్లీబౌలిలో ఒకతను కొత్త బండి ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే గొట్టాలు), చక్రం, డిస్కు మొత్తం ఒకేసారి ఎక్కిస్తానన్నాడని చెప్పారు. ఒకే బండి నుంచి కాలిపర్, మాస్టర్ సిలిండర్ రెండూ కలిపి తీస్తే నాకు అభ్యంతరం లేదు. కాలిపర్ ఒక బండిది, మాస్టర్ సిలిండర్ ఇంకో బండిది అంటే మాత్రం వద్దనండి, నాలా డబ్బు తగలేసుకుంటారు. "దొరికింది వేస్తా సార్" అనేవాడైతే అక్కడి నుంచి వచ్చేయండి. కావలసిన సామాన్లు నేను డిసెంబరులో వచ్చాక రాణిగంజ్‌లో ఇద్దరం వెతుకుదాం.

ఈలోగా ఒక పని చేయండి. ఫోర్కు ట్యూబు లావు, ముందు యాక్సిల్ లావు, రెండు ఫోర్కుల మధ్య దూరం కొలిచి పంపండి. స్కేలుతో వద్దు. సన్నగా కొలిచే వెర్నియర్ మీ ట్రంకు పెట్టెలో అడుగున, పాత బట్టలో చుట్టి ఉంటుంది. అమ్మ దాన్ని అక్కడి నుంచి తీసి గాజుల పెట్టెలో పెట్టిందని చెల్లి అంటోంది, అడిగి చూడండి. ఎందుకని అడిగితే నా పేరు చెప్పకండి.

మీ
చిన్నా