పాప గదికి ముందు కర్టెన్లు కాదండీ

ఎడిటర్ గారికి నమస్తే. మీ ఆదివారం పేజీలో పిల్లల గదుల డెకరేషన్ ఫొటోలు చూశా, బానే ఉన్నాయి గానీ గులాబీ గోడలు, యూనికార్న్ స్టిక్కర్లు తప్ప పిల్ల ఎదిగే లెక్క ఎక్కడా కనపడలేదు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుతాం కదా, గది కూడా ఆ లెక్కనే మారాలి మరి. మా పాప పాకేటప్పుడు నేల మీద బొంత చాలింది, ఇప్పుడు రెండో ఏడు, బట్టల అల్మరా సొరుగులు లాగి వాటినే మెట్లు చేసుకుని ఎక్కుతోంది, అందుకని ముందు కార్పెంటర్‌ని పిలిచి దాన్ని గోడకి బిగించాం, కిటికీ కింద ఉన్న మంచాన్ని అక్కణ్ణుంచి పక్కకి జరిపేశాం, కర్టెన్ల సంగతి ఆ తర్వాతే.

రంగుల దగ్గర ఇంకో మాట. ఇళ్ల పెయింట్లలో సీసం (లెడ్) 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదని 2016లో రూల్స్ వచ్చాయి, 2017 నవంబర్ నుంచి అమల్లో ఉన్నాయి, కొత్త డబ్బా మీద రాసి ఉంటుంది చూస్కోవచ్చు. అసలు భయం పాత అద్దె ఇళ్ల తలుపులతోనే, వాటి పాత పెయింట్‌లో సీసం ఎక్కువ ఉండొచ్చు, పెచ్చులూడిన ఆయిల్ పెయింట్‌ని పిల్లలు గిల్లి నోట్లో పెట్టేసుకుంటారు. దాన్ని పొడిగా ఉప్పుకాగితంతో రుద్దితే దుమ్ము ఇల్లంతా పడుతుంది, తడిపి రుద్దించాలి, పని అయ్యేదాకా పిల్లని అమ్మమ్మ ఇంట్లో ఉంచితే నయం. ఈసారి ఫొటోల పక్కన ఇవి కూడా వేయండి సార్, గోడకి మేకు కొడతామంటే ఒప్పుకోని ఓనర్లతో ఎలా వేగాలో ఎవరైనా రాస్తే ఇంకా సంతోషం.

- ఒక పాప తల్లి, విజయవాడ