ఎగ్జిమా ఉందని పిల్లల తిండి మాన్పించేయకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో మొన్న "ఎగ్జిమా ఉన్న పిల్లలకు పెట్టకూడనివి" అని పెద్ద జాబితా వేశారు. అది చదివి ఎంతమంది తల్లులు పాలు, గుడ్డు ఆపేసి ఉంటారో అని రెండు రోజులుగా మనసు మనసులో లేదు, ఎందుకంటే మేమూ అదే పని చేశాం. మా బాబుకి ఏడో నెలలో ఈ ఎగ్జిమా (చర్మం పొడిబారి, పగిలి, దురద పెట్టే జబ్బు) వచ్చి బుగ్గలు పగిలి రసి కారేది, రాత్రంతా గోక్కుంటే తెల్లారేసరికి దిండు గలీబు మీద రక్తపు చుక్కలు. ఆ టెన్షన్‌లో ఎవరేం చెబితే అది మాన్పించాం. బరువు పెరగడం ఆగింది గానీ దురద మాత్రం ఆగలేదు.

తర్వాత డాక్టరు గారు చెబితే తెలిసింది, చాలామంది పిల్లల్లో ముందు పాడయ్యేది చర్మమేనట, తిండి ఎలర్జీ ఆ తర్వాతేనట. పగిలిన చర్మం గుండా వేరుశనగ, గుడ్డు లాంటి వాటి కణాలు లోపలికి వెళితే ఒళ్లు వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది, అవే నోటి ద్వారా పొట్టలోకి వెళితే మెల్లగా అలవాటు పడుతుంది. తినిపించిన చేత్తోనే బుగ్గలకి క్రీము రాసేవాళ్లం మేము! ఇప్పుడు సబ్బుతో చేతులు కడుక్కోకుండా వాడి ఒంటి మీద చెయ్యి వేయం.

2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, ఎలర్జీ ముప్పు ఉన్న పిల్లలకు మూడేళ్ల దాకా వేరుశనగ పెట్టొద్దంది, 2008లో ఆ సలహా వెనక్కి తీసుకుంది. 2015లో లండన్ పరిశోధకులు తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు ఎలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్ల మీద చేసిన అధ్యయనం బయటికొచ్చింది. ఐదేళ్లు వచ్చేసరికి వేరుశనగ దూరం పెట్టిన వాళ్లలో సుమారు 17 శాతం మందికి దాని ఎలర్జీ ఉంటే, చిన్నప్పటి నుంచీ తిన్నవాళ్లలో 3 శాతానికే ఉంది.

అలాగని ఎలర్జీ ఉత్తదేం కాదు. ఎగ్జిమా కాస్త ఎక్కువగా ఉన్న పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి ఏదో ఒక ఆహారం నిజంగానే పడదు. తిన్న నిమిషాల్లోనో రెండు గంటల్లోపో దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఎగ్జిమా తీవ్రంగా ఉంటే వేరుశనగ మొదటిసారి పెట్టే ముందు డాక్టర్ని అడగాలి, అదీ మెత్తటి పేస్టుగానే, గింజలు గొంతుకి అడ్డం పడతాయి. రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్టు కాదు, ఇది చాలామందికి తెలియదు. ఇంకో ప్రమాదం, అప్పటిదాకా హాయిగా తింటున్నదాన్ని నెలల తరబడి ఆపేసి మళ్లీ పెడితే అప్పుడు ఒక్కసారిగా రియాక్షన్ రావచ్చు.

మా వాడికి తగ్గింది రోజూ మాయిశ్చరైజర్, డాక్టరు రాసిన ఆయింట్‌మెంట్ భయపడకుండా చెప్పినన్ని రోజులు వాడాకే. దయచేసి ఆ జాబితా పక్కన ఈ సంగతులు కూడా వేయండి, వచ్చే వారమే వేయండి.

– ఒక తల్లి