గని మూసే తేదీ ఉంది, కొత్త పని తేదీ ఏది?

సంపాదకుడు గారికి,

బొగ్గు, ఇనుము, చమురు మీద బతికే నగరాలను కాలుష్యం లేని పరిశ్రమల వైపు మళ్లిస్తామని ప్రభుత్వాలు చెబుతున్నాయి. మంచిదే. కానీ గని మూసే ఏడాది చెప్పినంత ధీమాగా, అక్కడివాళ్లకు కొత్త పని దొరికే ఏడాది చెప్పరు.

1984-85 గని కార్మికుల సమ్మె విఫలమయ్యాక బ్రిటన్ గనులను చకచకా మూసేసింది. పని పోయినవాళ్లలో చాలామంది చివరికి అనారోగ్య భృతి మీద పడ్డారు. వాళ్లు నిరుద్యోగుల లెక్కలోకే రాలేదు! జర్మనీ నిదానంగా నడిచింది. రూర్ గనుల ప్రాంతంలో 1965లోనే బోకుమ్ విశ్వవిద్యాలయం తెరిచింది. రాతిబొగ్గుకు సబ్సిడీ ఆపాలని 2007లో నిర్ణయిస్తే, చివరి గని మూతపడింది 2018 డిసెంబరులో. ఇంత చేసినా ఆ ప్రాంతపు నగరమైన గెల్సెన్‌కిర్షెన్‌లో నిరుద్యోగం నేటికీ ఆ దేశంలో అత్యధిక స్థాయిలోనే ఉంది. ఇక ఏ ఏర్పాటూ లేకుండా మూసేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

చైనా 2013 ప్రణాళికలో ఇలాంటి 262 నగరాలను గుర్తించి, ఎదుగుతున్నవి, నిలదొక్కుకున్నవి, క్షీణిస్తున్నవి, తేరుకుంటున్నవి అని నాలుగు రకాలుగా విడదీసింది. అమలు మాటెలా ఉన్నా ఈ విభజన నాకు నచ్చింది. నిల్వలు అడుగంటిన ఊరికీ, నిన్నగాక మొన్న తవ్వకం మొదలైన ఊరికీ ఒకే జీవో పనికిరాదు. డబ్బు దాచుకోవాల్సింది గని జోరుగా నడిచే రోజుల్లోనే. మూతపడ్డాక పురపాలక ఆదాయం పడిపోతుంది, ఖర్చు మాత్రం పెరుగుతుంది. అప్పటిదాకా కంపెనీయే చూసుకున్న ఆసుపత్రి, మంచినీళ్లు, క్వార్టర్లు కూడా ఊరి నెత్తినే పడతాయి.

బదులుగా సోలార్ పార్కు పెడతామంటారు. అది కట్టేటప్పుడు వందలమందికి పని ఉంటుంది. కట్టాక ప్యానెళ్లు తుడవడానికి, కాపలాకి, కొద్దిపాటి రిపేర్లకు గుప్పెడుమంది చాలు. గనిలో మోటార్లు, పంపులు బాగుచేసిన ఎలక్ట్రీషియన్‌కు అక్కడ చోటు దొరకొచ్చు, లోడింగ్ కూలీకి దొరకదు. పరిహారం మాట వచ్చేసరికి మొదట జారిపోయేది కూడా ఆ కూలీ పేరే, ఎందుకంటే అతను కాంట్రాక్టరు మనిషి.

అందుకే గని లీజు పొడిగించే ప్రతిసారీ రెండు షరతులు పెట్టాలి. కంపెనీ ఏటా లాభంలో ఇంత అని ఊరి నిధిలో జమచేయాలి, ఆ ఖర్చు రాజధానిలోని శాఖ కాకుండా స్థానిక సభ తేల్చాలి. కాంట్రాక్టు కూలీల పేర్లతో సహా పనివాళ్ల జాబితాను ఏటా బయటపెట్టాలి. ఈ రెండూ లేని పొడిగింపు ఫైలుపై ఏ మంత్రీ సంతకం పెట్టకూడదు.

ఇట్లు,
ఒక పాఠకుడు