పలకల్లో పాత కంకర ఉందా అంటే, ఉంది

ఈ నెల కాంపౌండ్ వాల్ పలకల ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయి. ఫోన్ చేసినవాళ్లకు చెబుతూనే ఉన్నాం గానీ, కారణం ఒక్కొక్కరికి ఒక్కోలా చేరినట్టుంది. "ఏందన్నా, పాత గోడలు దంచి మాకు కొత్త గోడలు అమ్ముతున్నవంట?" అని మన దగ్గర ఏళ్ల తరబడి సరుకు తీసుకునే మేస్త్రీ ఒకాయన యార్డులో అందరి ముందూ అడిగాడు. ఆయన నవ్వుతూనే అడిగాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అందుకే అందరికీ ఒకేసారి రాస్తున్నా.

పాత కంకర, అంటే పాత కాంక్రీటు నలిపి చేసిన కంకర, కలుపుతున్న మాట నిజం. దాచిందేమీ లేదు, అడిగినవాళ్లకు ముందు నుంచీ చెబుతున్నదే. కాకపోతే అది ఎవరి పాత సరుకు అన్నది చూడాలి. అచ్చు విప్పేటప్పుడు మూల విరిగిన పలక, హనీకోంబ్ వచ్చిన (తేనెపట్టులా గుల్లలు పడిన) పలక, సైజు తేడా వచ్చి పక్కన పెట్టిన సాలిడ్ బ్రిక్స్, ఇవన్నీ మన యార్డులో మనం పోసినవే. ఏ సిమెంటు వేశామో, ఏ గ్రేడో తెలుసు, కాంక్రీటు దిమ్మను నొక్కి బలం చూసే క్యూబ్ టెస్ట్ రిపోర్టులు ఫైల్లో ఉన్నాయి. వాటిలో ఇటుక పెళ్ల ఉండదు, టైల్ ముక్క ఉండదు. ఊళ్లో కూల్చిన ఇళ్ల శిథిలాలు వేరే సంగతి. హైదరాబాద్‌లో అయితే అవి జీడిమెట్ల, ఫతుల్లగూడ లాంటి చోట్ల ఉన్న రీసైక్లింగ్ ప్లాంట్లకు వెళ్తాయి. వేరు చేసే ఏర్పాటు మన దగ్గర లేదు కాబట్టే ఆ సరుకు జోలికి మేము ఎప్పుడూ పోలేదు.

ఇక జరిగింది చెబుతా. అప్పటికి మనకు క్రషర్, అంటే ముక్కల్ని నలిపి కంకర చేసే యంత్రం, లేదు. రిజెక్ట్ ముక్కలన్నీ ఒక క్రషింగ్ యూనిట్‌కు పంపి, కూలి కట్టి, కంకరగా వెనక్కి తెప్పించుకునేవాళ్లం. మొన్న వచ్చిన లోడు టిప్పర్ నుంచి దిగినప్పుడు మామూలుగానే కనిపించింది. దుమ్ము పట్టి ఉంటే ఏ కంకరైనా బూడిద రంగే. సాయంత్రం కుర్రాడు పైపుతో తడపగానే అసలు రంగు బయటపడింది. ఎర్రటి ఇటుక ముక్కలు. ఒక పక్క ఆకుపచ్చ డిస్టెంపర్ అంటుకున్న ప్లాస్టరింగ్ పెళ్లలు. వాటి మధ్య తెల్లటి ముద్దలు, గోటితో నొక్కితే పిండి అవుతున్నాయి. అది పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్), అంటే జిప్సం. ఇటుక ముక్క పడితే బలం తగ్గుతుంది, అంతవరకే. జిప్సం అలా కాదు. అందులోని సల్ఫేట్ సిమెంటుతో నెమ్మదిగా కలిసి లోపల ఉబ్బుతుంది. పలక ఈ రోజు బాగానే ఉంటుంది, క్యూబ్ కూడా పాసవుతుంది, పగుళ్లు మాత్రం నెలలు గడిచాక మీ స్థలంలో వస్తాయి.

ఆ యూనిట్ ఆయనకు ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "రాయి రాయే కదన్నా, ఎవరిదైతే ఏంది." మన ముక్కలు ఏవి అంటే కుప్పలో కలిసిపోయాయట. లోడు వెనక్కి తీసుకెళ్లాడు గానీ కూలి డబ్బులు ఇవ్వలేదు. డబ్బు సంగతి సరే. మూలమూలా చూసి పోసిన మన కాంక్రీటు ఇప్పుడు ఎవరి గోతిలో నింపారో!

పైగా ఆ లోడు సగం క్వారీ కంకర కుప్ప మీదే పడింది. జల్లెడ పడితే పీఓపీ పోదు. కాబట్టి ఆ కుప్ప మొత్తం పక్కన పెట్టి, కొత్త కంకర తెప్పించాం. మీ ఆలస్యం ఇక్కడిదే.

తర్వాత ఏం చేయాలన్నదే నన్ను నిద్రపోనివ్వలేదు. లెక్కలు చూసే మా బావమరిది, ఈ గొడవంతా మానేసి మొత్తం క్వారీ కంకరే వాడదాం అన్నాడు. కలిపేది కొంచెం, మిగిలే డబ్బు అంతకన్నా కొంచెం, పైగా చెడ్డ పేరు అంటాడు. అతని లెక్కలో తప్పు లేదు. కానీ రిజెక్ట్‌ల కుప్ప ఇప్పటికే గోడ ఎత్తు దాటింది, రాయి కోసం గుట్టలు కరిగిపోతుంటే మంచి కాంక్రీటును గోతుల్లో పోయడానికి నాకు చేతులు రావు. ఇంకోటి కూడా ఉంది. ఇప్పుడు మానేస్తే, ఆ మేస్త్రీ అన్న మాట నిజమని నేనే ఒప్పుకున్నట్టు. ఇది మొండితనం అని ఇంట్లో అందరూ అన్నారు. అనుకోనీ. అప్పు చేసి ఒక చిన్న సెకండ్ హ్యాండ్ జా క్రషర్ కొన్నాను, ఇనుప ముక్కలు ఏరడానికి అయస్కాంతం కూడా పెట్టించాను. త్రీ ఫేజ్ కరెంటు లోడు పెంచగానే మొదలవుతుంది. అప్పటిదాకా అన్నిట్లో క్వారీ కంకరే.

ఎందులో ఎంత కలుపుతామో కూడా వినండి. కంకర, ఇసుకలకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 383ను 2016లో మార్చినప్పుడు, ఎం25 గ్రేడు వరకు ఉన్న ఆర్‌సీసీలో (ఇనుము వేసిన కాంక్రీటులో) వేసే కంకరలో 20 శాతం, ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం దాకా పాత కాంక్రీటు కంకరకు అనుమతిచ్చారు. మన పలకలు ఎం25, వాటిలో 20 దాటదు. బ్రిక్స్‌లో 25. స్టీలు వైరు బిగువుగా లాగి చుట్టూ కాంక్రీటు పోసే పోల్స్‌లో అసలు లేదు, ప్రమాణం ఒప్పుకోదు. నేల మీద పరిచే పేవర్ బిళ్లల్లో కలపం, అరుగుదల విషయంలో నాకే ధైర్యం చాలలేదు. ఈ కంకరకు పాత మాలు అంటుకుని ఉంటుంది కాబట్టి నీళ్లు బాగా తాగుతుంది. మామూలు గ్రానైట్ కంకర 1 శాతం కూడా పీల్చదు, ఇది 4, 5 శాతం దాకా పీలుస్తుంది. ముందు రోజే తడిపి పెట్టకపోతే మాలు బిగుసుకుపోతుంది, అప్పుడు పనివాళ్లు నీళ్లు పోస్తారు, బలం అక్కడే పోతుంది. అందుకే మా దగ్గర తడపని కుప్ప మిక్సర్ దగ్గరికి రాదు. క్రషింగ్‌లో వచ్చే పొడి కూడా పలకల్లోకి రాదు.

రేటు తగ్గించమని అడుగుతున్నారు. తగ్గించను. తడపడం, ఏరడం, డీజిల్ అన్నీ కలిపితే క్వారీ కంకరకు దీనికి పెద్ద తేడా లేదు. పూర్తిగా క్వారీ కంకరతోనే కావాలంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి, విడిగా పోసిస్తాం, అదే రేటు. ఆగలేనివాళ్లకు అడ్వాన్స్ తిరిగి ఇచ్చేస్తాం, మొహమాటపడొద్దు. మిగతావాళ్లకు బుక్ చేసిన వరుసలోనే బండి వస్తుంది.

మీ దగ్గర దించేటప్పుడు పలక విరిగితే పారేయకండి, మా బండిలోనే తిరిగి ఎక్కించండి. మన పలక అయితేనే. పక్క ప్లాటు వాళ్లది వద్దు.